రుచి చూడని మట్టి

మట్టి సంగతి నన్నడగండి అని పెదపాడు మండలమంతా చెప్పుకు తిరిగిన మనిషిని నేను. ఇప్పుడు ఎవరైనా ఆ మాట గుర్తుచేస్తే లేచి అవతలికి పోతాను. అప్పట్లో మాత్రం ఏం పొగరండీ బాబూ! ఎవరి చేనిగట్టు మీదైనా నిలబడి, పిడికెడు మట్టి తీసి పిసికి, వాసన చూసి, "నీ నేల్లో జింకు లేదయ్యా" అన్నానంటే ఆ రైతు మారుమాట లేకుండా వెళ్ళి జింకు కొనుక్కొచ్చేవాడు. సగంసార్లు నా మాట నిజమయ్యేది. కానప్పుడు నా ముఖాన చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అలాంటి జనార్దనరావు కూతురు మట్టిని నమ్ముకుని మునిగింది. ముంచింది నేనే. ఈ సంగతి దాచి దాచి ఇప్పటికే చాలా పాడుచేశాను. ఇక చెప్పేస్తాను.

మా ఆవిడ రత్నాంబకి పుట్టింటివారిచ్చిన మూడెకరాల మెట్ట ఉంది, తాడేపల్లిగూడెం దాటి ఉత్తరంగా వెళితే. ఎర్రనేల, పార వేస్తే గులకరాయి పలుకుతుంది. కొల్లేటి అంచున నల్లమట్టిలో పుట్టిపెరిగిన నాకు అది నేలలాగే కనిపించేది కాదు. మా అమ్మాయి సింధూరి నాసిక్ దగ్గర వైన్ తయారుచేసేచోట ఆరేళ్ళు ఉద్యోగం చేసి వచ్చి, ఆ మూడెకరాలూ తనకివ్వమంది. ద్రాక్ష పెడుతుందట.

"పళ్ళు గూడెం మార్కెట్లో అమ్ముతావా?" అంది వాళ్ళమ్మ ఆశగా.

"పళ్ళు అమ్మనమ్మా. వైన్ చేస్తాను."

"అయ్యో రామా! సారా బట్టీ పెడతావటే? రేపు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న ముఖమే పెట్టుకువెళ్ళమ్మా, బాగానే ఉంటుంది" అని నవ్వేసింది.

నవ్వుతూనే అన్నీ చేసుకుంది. రాతి స్తంభాలు పాతించి తీగలు లాగించింది, మొక్కలు తెప్పించింది, ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకుంది, తోట చివర రేకుల షెడ్డు వేసి స్టీలు ట్యాంకులు దింపింది. ఎరువుల కట్ట, పురుగుమందు డబ్బా గట్టు దాటి లోపలికి రాలేదు. ఆవుపేడ, జీవామృతం, వేపపిండి, తెగులుకి కాస్త మైలుతుత్తం సున్నంలో కలిపి కొట్టడం, అంతే. మూడేళ్ళు అలా నడిపితేగానీ సేంద్రియ తోట అని సర్టిఫికెట్ ఇవ్వరట. ఆ మూడేళ్ళూ నేలలో ఏం వేసినా ఒక డైరీలో రాయాలి. ఎక్కడినుంచి తెచ్చారో కూడా రాయాలి.

"నాన్నా, ఈ గట్టు దాటి ఏది లోపలికి రావాలన్నా ముందు నాకు చెప్పాలి. గుప్పెడు పేడ అయినా సరే" అని మొదటిరోజే చెప్పింది.

"అలాగేనమ్మా" అన్నాను.

ఆ పిల్లకి ఒక అలవాటుంది. చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆకు నములుతుంది, గింజ కొరుకుతుంది, మట్టి వేలిమీద తీసుకుని నాలుక చివర అద్దుకుంటుంది. చిన్నప్పుడు మట్టి తింటోందని వాళ్ళమ్మ వీపు చిట్లగొట్టేది. పెద్దయ్యాక అదే దానికి చదువూ ఉద్యోగమూ అయ్యింది.

రెండో ఏడు కొద్దిగా కాసింది. ఎనభై సీసాలు చేసింది. విశాఖపట్నంలో హోటళ్ళున్న ఒకాయన వచ్చి రుచి చూసి, ఇంకో గ్లాసు అడిగి పోయించుకున్నాడట. తర్వాత, "ఇది ఎర్రనేల రుచేనమ్మా. నేను ఎన్నో తాగాను, ఇలాంటిది ఇంకెక్కడా రాదు" అన్నాడట. సర్టిఫికెట్ చేతికొచ్చిన ఏడు పంట మొత్తం ఆయనే తీసుకుంటానన్నాడు. ఆ మాట చెప్పడానికి గూడెం నుంచి ఫోన్ చేసినప్పుడు సింధూరి, ముప్పై ఒక్కేళ్ళ పిల్ల, చిన్నపిల్లలా ఏడ్చింది. వచ్చే ఏడు మూడో ఏడు. అదే సర్టిఫికెట్ ఏడు.

నా బాధ వేరే. ఆ తోటకి వెళ్ళినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. తీగలు పుల్లల్లా ఉండేవి. ఆకులు చిన్నవి. నీళ్ళు కూడా కొలిచి కొలిచి ఇచ్చేది.

"ఏంటమ్మా ఇది! పస్తులు పెట్టి చంపుతున్నావు వాటిని" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"పస్తులుంటేనే గింజ చిన్నదవుతుంది నాన్నా, తోలు మందమవుతుంది. వైన్ రుచంతా తోలులోనే ఉంటుంది. మీ నల్లమట్టిలో పెడితే ఉసిరికాయంత గింజ కాస్తుంది, నీళ్ళ రుచి వస్తుంది."

"నీళ్ళ రుచి వస్తే వచ్చింది, మొక్క బతకాలి కదా?"

"బతుకుతోంది నాన్నా. అది అలాగే బతకాలి."

నాకు ఎక్కలేదు. నలభై ఏళ్ళు డెల్టాలో సేద్యం చేసినవాడికి ఎలా ఎక్కుతుంది? మాకు ప్రేమంటే పెట్టడమే. మనిషికి అన్నం, మడికి మట్టి. వేసవిలో చెరువు ఎండితే అడుగునున్న మట్టి తీసి పొలానికి తోలడం మా తాతల నుంచీ ఉన్నదే. అల్లుడికి పెట్టినట్టు పెడతాం పొలానికి.

ఆ మే నెలలో సింధూరి చెక్క పీపాలు కొనడానికి నాసిక్ వెళ్ళింది, మూడు వారాలు. అదే సమయానికి పెదపాడులో నా నాలుగెకరాల చేపల చెరువు ఎండింది. అడుగున మట్టి నల్లగా, వెన్నలా ఉంది. గడ్డ విరిస్తే లోపల నిగనిగలాడుతోంది. చూస్తూంటే నా చేతులు ఊరుకోలేదు.

టిప్పర్ తోలే సుబ్బారావుని పిలిచాను. మా ఊరివాడే.

"ముప్పై ట్రిప్పులు గూడెం మెట్టకి తోలాలిరా."

"యాభై కిలోమీటర్లండి! మట్టికేనాండి?"

"మా అమ్మాయి తోటకి."

సుబ్బారావు చెరువులోకి దిగి, కాలితో గడ్డ పొడిచి, తల గోక్కున్నాడు. "ఏవండీ, తప్పుగా అనుకోకండి. ఈ చెరువు రెండు పంటలు రొయ్యలకి లీజుకిచ్చారు కదండీ? కైకలూరు వైపాయన. అప్పుడు ఉప్పు బస్తాలు నేనే దింపానండి. మందు డబ్బాలు కూడా."

"అది ఎప్పటి మాటరా! రెండు వానాకాలాలు పోయాయి. ఆ తర్వాత చేపలే వేశాను కదా. ఉప్పు ఇంకా కూర్చుంటుందా?"

"మరేనండి. మీకు తెలియని మట్టా" అని ఊరుకున్నాడు.

నాకు తెలియని మట్టా! ఆ మాటతో నా అనుమానం నోరు మూసేశాను. అనుమానం లేదని అబద్ధమాడను, ఉంది. ఆ రొయ్యలాయన పోయాక మొదటి ఏడు చెరువు గట్టు మీద గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. అది నా కళ్ళతో చూశాను. చూసి, ఎండ ఎక్కువైందిలే అనుకున్నాను.

ఐదు రోజులు తోలాం. తోటలో పనిచేసే లక్ష్మీకాంతం, "అమ్మాయిగారికి చెప్పారాండి?" అని రెండుసార్లు అడిగింది. "వచ్చి చూసి సంతోషిస్తుందిలే" అన్నాను. ప్రతి తీగ మొదట్లో నేనే దగ్గరుండి పోయించాను. సాయంత్రం గట్టు మీద కూర్చుని చూస్తే, ఎర్రనేల మీద నల్లటి వరసలు, పసిపిల్లకి కాటుక పెట్టినట్టుంది. చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

సింధూరి స్టేషన్ నుంచి నేరుగా తోటకే వచ్చింది. గట్టు దగ్గర ఆగిపోయింది. భుజానున్న సంచీ కూడా దించలేదు.

"ఏంటి నాన్నా ఇది?"

"చెరువు మట్టమ్మా. మన చుట్టుపక్కల ఇంతకంటే మంచి ఎరువు లేదు. అంతా సేంద్రియమే కదా, దేవుడిచ్చింది."

అది కోప్పడలేదు. కోప్పడితే బావుండేది, నేనూ తిరిగి కోప్పడి, ఆ కోపంలో నిజం కక్కేసేవాడినేమో. ఒంగి గడ్డ చేతిలోకి తీసుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది నాన్నా. సరే. ఎక్కడి మట్టి? మన చెరువుదా? దాన్లో రొయ్యలు వేశారు కదా?"

దాని కళ్ళు చూసి నాకు భయం వేసింది. కూతుర్ని చూసి భయపడటం అదే మొదటిసారి.

"ఛ ఛ, అది కాదు. ఊరి మంచినీళ్ళ చెరువుది. పంచాయతీ వాళ్ళు పూడిక తీయించారు."

అది గడ్డని చితిపి, పొడి వేలిమీద తీసుకుని, నోటిదాకా తీసుకెళ్ళింది. అంతలో ఆగి, వేలు చీరకొంగుకి తుడిచేసుకుంది.

"మీరు చెప్పారుగా. ఇక రుచి ఎందుకు" అంది.

షెడ్డులోకి వెళ్ళి డైరీలో రాసుకుంది. 'ఊరి మంచినీటి చెరువు పూడిక, ముప్పై ట్రిప్పులు, నాన్న తెచ్చారు.' నేను కిటికీలోంచి చూశాను. అప్పుడైనా లోపలికి వెళ్ళి చెప్పొచ్చు. పది అడుగుల దూరం.

వానాకాలం బాగా కురిసింది. అక్టోబరులో కత్తిరింపు వేశాక చిగుర్లు ఎలా వచ్చాయంటే, లక్ష్మీకాంతం నోరెళ్ళబెట్టింది. అరచేయంత ఆకులు. తీగలు బొటనవేలంత లావు. నేను వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి మీసం మెలేసుకుంటూ వరసల మధ్య తిరిగేవాడిని.

"చూశావా అమ్మలూ? పెడితే ఎలా ఉందో!"

"ఉంది నాన్నా. కాస్త ఎక్కువే ఉంది" అనేది సింధూరి. ఆకులు తుంచి పారేసేది, గెలలు కూడా సగం కోసి పారేసేది. నాకు ఒళ్ళు మండేది. అయినా మనసులో గెలిచిన ధీమా. అబద్ధం సంగతి పూర్తిగా మరిచిపోయాను. మనిషికి అంత సులువుగా మరుపు వస్తుందని అప్పుడు తెలిసింది.

డిసెంబరులో ఆకుల అంచులు కాలడం మొదలైంది.

ముందు కింది ఆకులు, గోధుమరంగు అంచు, కాగితానికి నిప్పంటి ఆరిపోయినట్టు. తర్వాత పై ఆకులు. సింధూరి తిండి మానేసింది. మైలుతుత్తం ఎక్కువ పడిందేమోనని లక్ష్మీకాంతాన్ని నిలదీసింది.

"మీరు తూచి ఇచ్చిందే కలిపానండి అమ్మాయిగారూ. ఒట్టండి. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే నేనే తప్పు తూచానేమో" అని ఆవిడకి చేతులు జోడించింది. జోడించి, డైరీలో అదే రాసింది, 'మైలుతుత్తం కొలత నా పొరపాటు కావచ్చు' అని. బోరు నీళ్ళు పరీక్షకి పంపింది. బాగానే ఉన్నాయని వచ్చింది. నాసిక్‌లో తెలిసినవాళ్ళకి ఫొటోలు పంపింది. వాళ్ళు ఉప్పు దెబ్బలా ఉంది అన్నారట. "మెట్టలో ఉప్పెక్కడిది?" అని నవ్వింది, ఏడుపు ఆపుకుంటూ.

ఆ రోజు సాయంత్రం నా పక్కన గట్టు మీద కూర్చుంది. "నాన్నా, మీకు మట్టి తెలుసు కదా. మీకేమనిపిస్తోంది? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు."

అంత దగ్గరగా వచ్చి అడిగింది. నాకు అంతా అర్థమైంది. వాన నీళ్ళతో కిందికి దిగిన ఉప్పు, చలికాలం నీళ్ళు తగ్గించగానే వేళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది. నా చెరువు గట్టు మీద గడ్డి మొలవకపోవడం కళ్ళముందు కనిపించింది.

"చలి దెబ్బమ్మా. ఈ ఏడు చలి ఎక్కువ" అన్నాను.

"చలికి ఇలా అవుతుందా?"

"అవుతుంది."

నమ్మింది. నన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతుంది? రాత్రిళ్ళు చలిమంటలు వేయించింది తోటలో, తీగలకి చలి తగలకుండా. నిజంగా. వారం రోజులు లక్ష్మీకాంతం, అదీ కలిసి కొబ్బరిపీచు పోగులు పెట్టి పొగ వేశారు. పెదపాడులో దుప్పటి కప్పుకుని పడుకున్న నాకు ఆ సంగతి రత్నాంబ చెప్పింది. "పిల్ల కళ్ళు ఎర్రబడిపోయాయంటండీ, పొగకి" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను. పిరికితనం. దానికి ఇంకో పేరు పెట్టలేను.

ఫిబ్రవరి ఆఖరుకి కోశారు. పండు చూడటానికి బాగుంది, తీపి కూడా వచ్చింది. తొక్కించి ట్యాంకుల్లో పోశారు. షెడ్డంతా పులుపు వాసన, లోపల బుడబుడమని పొంగు. సింధూరి ముఖంలో కాస్త రక్తం కనిపించింది. సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టరు శ్యామ్ సుందర్ అనే కుర్రాడు వచ్చి, తోట తిరిగి, డైరీ చదివి, నాలుగుచోట్ల మట్టి సంచుల్లో నింపుకుని వెళ్ళాడు. అది ఆఖరి పరీక్ష.

మార్చి ఆఖర్లో ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి షెడ్డులో ఒక్కతే ఉంది. బల్ల మీద రెండు గ్లాసులు.

"మీరు ఎప్పుడూ తాగలేదు కదా. ఈరోజు ఒక్క గుక్క తాగండి నాన్నా" అంది.

"మీ అమ్మ చంపుతుంది."

"చెప్పనులెండి."

తీసుకున్నాను. ముందు పులుపు, ఆ వెనక వగరు. మింగబోతూండగా నాలుక పక్కల్లో ఉప్పు తగిలింది. ఎక్కువ కాదు, కన్నీటిచుక్క జారి పెదవి మీద పడ్డంత. ఆ ఉప్పు వెనక ఇంకొకటి ఉంది. చెరువు నీళ్ళు దింపినప్పుడు అడుగు బయటపడ్డ రోజున వచ్చే వాసన. నా చెరువు. నా ముక్కు తప్పు చెప్పదు, ఆ వాసనలోనే పుట్టి పెరిగాను. మూడేళ్ళు నా కూతురు తీగల్ని పస్తులు పెట్టి, ప్రాణం పెట్టి సంపాదించిన ఎర్రనేల రుచి ఎక్కడా లేదు.

తలెత్తాను. అది నన్నే చూస్తోంది. తన గ్లాసు అప్పటికే ఖాళీ. బల్ల చివర చిన్న సాసరులో పిడికెడు నల్లమట్టి ఉంది, మధ్యలో వేలితో తీసిన గుంట ఉంది.

"ఎలా ఉంది నాన్నా?"

ఈ ప్రశ్నకి నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు.

"బాగుందమ్మా" అన్నాను.

"అవునా" అని నా చేతిలో గ్లాసు తీసుకుని, కుళాయి కింద కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఎండ గురించి మాట్లాడింది. నన్ను బస్సు దాకా దింపింది కూడా.

పదిరోజులకి శ్యామ్ సుందర్ కాగితాలతో వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. లక్ష్మీకాంతం ఉంది. పేడ తోలడానికి వచ్చిన సుబ్బారావు టిప్పర్ ఆపుకుని నిలబడ్డాడు. ఎదురు తోట రైతులు ఇద్దరు, నా దగ్గర మట్టి సలహాకి వచ్చినవాళ్ళు, బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"మేడమ్, మట్టిలో ఉప్పు చాలా ఉందండి. అదొక్కటే కాదు, ఒక మందు ఆనవాలు కూడా ఉంది. అది రొయ్యల చెరువుల్లో తప్ప ఇంకెక్కడా వాడరు. మీ డైరీలో మాత్రం ఊరి మంచినీళ్ళ చెరువు మట్టి అని ఉంది" అన్నాడు. మంచి కుర్రాడు, చెప్పడానికి ఇబ్బంది పడుతున్నాడు. "ఇది ఎవరు రాశారండి?"

"నేనే రాశానండి."

"తెలియక రాశారా? తెలియక జరిగిందని, ఎవరి మాట మీద రాశారో పేరుతో సహా రాసిస్తే, మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదలవుతుందండి, అంతే. తెలిసి తప్పు రాశారంటే మీ పేరు మీద ఇక ఎప్పటికీ ఇవ్వరు. అందుకని అడుగుతున్నాను. మీకు ఎవరైనా అలా చెప్పారా?"

సింధూరి నా వైపు చూసింది. చూపులో కోపం లేదు, నిందా లేదు. చిన్నప్పుడు పెదపాడులో కాలవ దాటించడానికి నా చెయ్యి కోసం నిలబడ్డట్టు నిలబడింది. సుబ్బారావు తల దించుకున్నాడు. బెంచీ మీదివాళ్ళు నన్నే చూస్తున్నారు.

శ్యామ్ సుందర్ కూడా నావైపు తిరిగాడు. "మీరేమైనా చెబుతారా అండి?"

"నాకేం తెలుసు బాబూ. అంతా అమ్మాయే చూసుకుంటుంది" అన్నాను.

నా నోరే అంది. ఆ గొంతు నాదే.

సింధూరి చూపు తిప్పుకుంది. బల్ల మీద పెన్ను తీసుకుని, మూత తీసి, "తెలిసే రాశానండి. ఎక్కడ సంతకం పెట్టాలి?" అంది.

తర్వాత చెప్పడానికేముంది! విశాఖపట్నం ఆయనకి తనే ఫోన్ చేసి వద్దని చెప్పింది. ట్యాంకుల్లో ఉన్నదంతా షెడ్డు వెనక గొయ్యి తవ్వించి వదిలేసింది. మూడు రోజులు ఈగలు ముసిరాయి. ఎండలు ముదిరేకొద్దీ తీగలు చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. జూన్ నాటికి సగం తోట కట్టెపుల్లలే. లక్ష్మీకాంతం మాత్రం ఒకరోజు నన్ను గేటు దగ్గర ఆపింది. "'డిసెంబర్లో తెలిసుంటే ఆ మట్టి గీసి తీసేసి, మంచినీళ్ళు కట్టి కడిగేసుకునేదాన్ని లక్ష్మీకాంతం' అని ఏడ్చారండి అమ్మాయిగారు. ఒక్కసారే అన్నారండి, మళ్ళీ ఎత్తలేదు" అంది. చెప్పి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

సింధూరి పెదపాడు వచ్చేసింది. ఏలూరులో ఉద్యోగం దొరికింది. ఏం ఉద్యోగమో తెలుసా? రొయ్యల చెరువుల నీళ్ళూ మట్టీ పరీక్షించే ల్యాబ్. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం వచ్చి, పెట్టింది తిని పడుకుంటుంది. ఇంట్లో గొడవ లేదు. ఒక్క మాట పెడసరంగా అనదు. ముప్పై ఏళ్ళు నాన్నా అన్న పిల్ల ఇప్పుడు నాన్నగారూ అంటోంది. "నాన్నగారూ, మీ కళ్ళజోడు ఇక్కడుందండి." అంతే. రత్నాంబకి ఏమీ తెలియదు, పిల్లకి బుద్ధొచ్చి మర్యాద నేర్చుకుంది అనుకుంటోంది. ఒకరోజు పులుసు గరిటెతో తెచ్చి, "ఉప్పు చూడవే, ఈ ఇంట్లో నీ నాలుకంత నాలుక ఎవరికుంది" అంది. సింధూరి తల వెనక్కి తీసుకుంది. "నువ్వే చూసుకోమ్మా. నాకు తెలియడం లేదు" అంది.

ఆ రోజు నేను పులుసు వేసుకోకుండానే లేచాను.

ఎన్నోసార్లు చెబుదామని నోరు తెరిచాను. ఇంట్లో చెబితే ఏం లాభం? దానికి తెలుసు. నేను చెప్పాల్సింది దానికి కాదు, ఆ బెంచీ మీదివాళ్ళలాగా నా మాట నమ్మే జనానికి. ఆ సంగతి బుర్రకెక్కడానికి నాకు మూడు నెలలు పట్టింది.

జూలైలో ఒక సోమవారం గూడెం వెళ్ళాను. ఎండిన తీగ మొదట్లోంచి మట్టి తీసి సంచిలో కట్టుకుని, ఏలూరు బస్సెక్కాను. ల్యాబ్ ముందు రైతులు వరసలో ఉన్నారు, చేతుల్లో నీళ్ళ సీసాలు. పెదపాడు వాళ్ళే పదిమంది. "మీరేంటండీ ఇక్కడ, మట్టి పరీక్షకా? మీరు?" అని ఒకాయన నవ్వాడు. నేను కూడా వరసలో నిలబడ్డాను. ముప్పావుగంట పట్టింది.

కౌంటరు వెనక సింధూరి తెల్లకోటు వేసుకుని కూర్చుంది. తల ఎత్తలేదు. ఎదురుగా కాగితం.

"పేరు?"

"జనార్దనరావు."

పెన్ను ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది.

"ఎక్కడి మట్టండి?"

అదే ప్రశ్న. మేలో గట్టు మీద అడిగిందే. నేను వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్ళందరినీ చూశాను. తర్వాత అందరికీ వినబడేలా గొంతెత్తి చెప్పాను.

"నా రొయ్యల చెరువు మట్టమ్మా. నా కూతురి ద్రాక్షతోటకి నేనే తోలాను. ఉప్పుందని అనుమానం ఉన్నా తోలాను. మంచినీళ్ళ చెరువుదని అబద్ధం చెప్పాను. అడిగినప్పుడల్లా అబద్ధమే చెప్పాను. తప్పు నాది. అమ్మాయికి ఏమీ తెలియదు."

వరసలో ఎవరో దగ్గారు. దాని ముఖంలోకి చూశాను. అది తలెత్తుతుందని, ఏదో ఒకటి అంటుందని, తిడుతుందని, ఏడుస్తుందని. నాన్నా అంటుందని.

కాగితం మీద రాస్తోంది. పేరు కింద, ఎక్కడిది అన్నచోట, 'రొయ్యల చెరువు మట్టి' అని రాసింది. సంచి మీద అంకె వేసి వెనకాల బల్ల మీద మిగతా సంచుల పక్కన పెట్టింది. రసీదు చింపి నా ముందుకి జరిపింది.

"రిపోర్టు బుధవారం వస్తుందండి" అంది. "కాస్త పక్కకి జరగండి, వెనకాల వాళ్ళున్నారు."

నేను పక్కకి జరిగాను.